పాట్ గారెట్ తుపాకీ

(నెలవారీ గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో, ఆదివారం మధ్యాహ్నం కునుకు మానుకుని ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. నెలకొక పాత వస్తువు గురించి ఎవరో ఒకరు మాట్లాడాలని మన కార్యదర్శిగారు పెట్టిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. కిందటి నెల తాటాకుల మీద రాసే గంటం గురించి విన్నాం. ఈ నెల నేను ఒక రివాల్వర్ గురించి చెబుతాను.

2021 ఆగస్టు 27న లాస్ ఏంజెలెస్ నగరంలో బోనమ్స్ అనే సంస్థ ఒక పాత కోల్ట్ రివాల్వర్‌ని వేలానికి పెట్టింది. 20 లక్షల నుంచి 30 లక్షల డాలర్ల దాకా పలకవచ్చని వాళ్ళ అంచనా. పాట ముగిసి, కమిషన్ కూడా కలిపితే 60 లక్షల 30 వేల డాలర్లయింది. ఆనాటి మారకంలో సుమారు 44 కోట్ల రూపాయలు. అంతకుముందు వేలంలో ఏ తుపాకీకీ అంత ధర రాలేదు. జార్జ్ వాషింగ్టన్ దగ్గరున్న పిస్తోళ్ళ జత 2002లో 20 లక్షల డాలర్ల లోపే అమ్ముడుపోయింది. అమెరికా మొదటి అధ్యక్షుడి ఆయుధాలకు వచ్చినదానికి మూడు రెట్లు, ఒక జిల్లా షెరిఫ్ తుపాకీకి వచ్చింది.

ఆ షెరిఫ్, అంటే జిల్లాలో శాంతిభద్రతలు చూసే అధికారి, పేరు పాట్ గారెట్. 1881 జులై 14 రాత్రి బిల్లీ ద కిడ్ అనే కుర్ర బందిపోటుని ఆ తుపాకీతోనే కాల్చి చంపాడు. బిల్లీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కృష్ణగారు టోపీ పెట్టుకుని గుర్రమెక్కిన రోజుల్లో పెరిగినవాళ్ళకి కౌబాయ్ లోకం కొత్త కాదు. కానీ బిల్లీ కథ చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను తుపాకీ సొంతదారు కథ చెబుతాను. 44 కోట్లు పలికిన ఆ వస్తువు తనదై ఉండి కూడా ఆయన పన్నులు కట్టలేక, అప్పులు తీర్చలేక నలిగిపోయాడు. ఆయన పోయాక ఎన్నో ఏళ్ళకు, ఆ తుపాకీ కోసం ఆయన భార్య కోర్టుకెక్కింది. ఆ సంగతి చదివినప్పటి నుంచీ నా మనసులోంచి పోలేదు.

ముందు వస్తువుని కాస్త దగ్గరగా చూద్దాం. కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో కోల్ట్ కంపెనీ 1873 నుంచి తయారుచేసిన మోడల్ ఇది. సింగిల్ యాక్షన్ అంటారు. అంటే ట్రిగ్గర్ నొక్కినంత మాత్రాన పేలదు. వెనకున్న హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగాలి. లాగుతుంటే లోపల టిక్, టిక్‌మని చప్పుళ్ళు వినిపిస్తాయి, తూటాల గుండ్రం ఒక గడి తిరుగుతుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. మళ్ళీ కాల్చాలంటే మళ్ళీ లాగాలి. కుడిపక్క చిన్న తలుపు ఉంటుంది. అది తెరిచి ఒక్కొక్క తూటా పెట్టాలి, కాల్చినవి ఒక్కొక్కటే సన్నటి కడ్డీతో బయటికి తోయాలి. ఆరు గడులున్నా తెలిసినవాళ్ళు ఐదే నింపేవారు. హ్యామర్ కింద గడి ఖాళీగా ఉంచకపోతే, గుర్రం మీంచి జారి కింద పడినా పేలుతుంది.

గారెట్ తుపాకీ నంబరు 55093. గొట్టం పొడవు ఏడున్నర అంగుళాలు, అంటే దాదాపు ఒక జాన. కొత్తలో ఉండే నీలి మెరుపు పోయి లోహం పాతబడిన రంగులోకి వచ్చేసింది. అందులో వాడే తూటాని 44-40 అంటారు. ఆ తూటాయే ఆ రోజుల్లో వించెస్టర్ 1873 రైఫిల్‌కీ సరిపోయేది. గుర్రం మీద రోజుల తరబడి తిరిగేవాడికి ఇది ఎంత పెద్ద సౌకర్యమో ఆలోచించండి. నడుముకి ఒకే బెల్టు, అందులో ఒకే రకం తూటాలు. చీకట్లో తడుముకుంటూ ఏది దేనిదో వెతుక్కోనక్కర్లేదు. సరిహద్దు ప్రాంతంలో తిరిగే మనుషులకి ఈ రెండూ కలిసి ఎందుకంత ఇష్టమయ్యాయో ఆ బెల్టుని బట్టి తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఆ తుపాకీ గారెట్ దుకాణంలో కొన్నది కాదు. పట్టుబడిన ఒక దొంగ నడుము నుంచి తీసుకున్నది. అక్కడికి వస్తాను.

పాట్రిక్ ఫ్లాయిడ్ గారెట్ 1850 జూన్ 5న అలబామాలో పుట్టాడు. పెరిగింది లూయిసియానాలో, పత్తి తోటలున్న ఇంట్లో. అంతర్యుద్ధం తరవాత ఆస్తి చితికిపోయింది. ఏడాది తేడాతో అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు, 1869 జనవరిలో గుర్రమెక్కి టెక్సస్ వైపు వెళ్ళిపోయాడు. మనిషి ఆరడుగుల నాలుగంగుళాలకి పైనే. తరవాత న్యూ మెక్సికోలో స్పానిష్ మాట్లాడేవాళ్ళు ‘హువాన్ లార్గో’ అనేవాళ్ళు. మన భాషలో చెప్పాలంటే పొడుగు జాన్.

టెక్సస్‌లో అడవి దున్నల వేటలో చేరాడు. దున్నని కొట్టి, తోలు ఒలిచి, ఎండబెట్టి, బండ్లకెత్తి అమ్మడం. మాంసం చాలావరకు అక్కడే కుళ్ళిపోయేది. నాలుగైదేళ్ళలో దక్షిణ మైదానాల్లో మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ దున్నల మీదే బతికిన కొమాంచీల వంటి జాతుల బతుకు కూడా వాటితోపాటే కూలిపోయింది. గారెట్ ఆ పనిలో భాగస్వామి. ఆ మాట చెప్పకుండా ఆయన గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

ఆ వేట గుడారాల్లో 1876లో ఒక ఘటన జరిగింది. జో బ్రిస్కో అనే తోటి కుర్రాడు బురదనీళ్ళలో బట్టలు ఉతుకుతున్నాడు. ఆ నీళ్ళలో ఉతికితే ఏం తెల్లబడతాయని గారెట్ ఏదో అన్నాడు. మాటా మాటా పెరిగింది. బ్రిస్కో గొడ్డలి పట్టుకుని మీదికొచ్చాడు. గారెట్ కాల్చాడు. కుర్రాడు అక్కడే ప్రాణం విడిచాడు. గారెట్ ఫోర్ట్ గ్రిఫిన్ దాకా వెళ్ళి తనంతట తానే లొంగిపోయాడు. అక్కడివాళ్ళు కేసు పెట్టలేదు. మనిషి చేతిలో మనిషి చావడం గారెట్ జీవితంలో అలా మొదలైంది, రెండు చొక్కాల మీద వచ్చిన మాటతో.

దున్నలు అయిపోయాయి. 1878లో గారెట్ న్యూ మెక్సికోలో పెకోస్ నది ఒడ్డున ఫోర్ట్ సమ్నర్ అనే చోటికి చేరాడు. పశువుల కాపరిగా చేశాడు, బార్‌లో పనిచేశాడు. మొదటి పెళ్ళి జరిగిన కొద్దికాలానికే భార్య చనిపోయింది. 1880 జనవరిలో అపొలినారియా గుటియెరెజ్ అనే అమ్మాయిని చేసుకున్నాడు. స్పానిష్ మాట్లాడే కుటుంబం. ఆ దంపతులకి ఎనిమిదిమంది పిల్లలు. అపొలినారియా పేరు గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ ఆమె దగ్గరికే వస్తాం.

బిల్లీ కూడా ఆ ఊళ్ళోనే తిరిగేవాడు. అసలు పేరు హెన్రీ మెకార్టీ. అప్పటికి లింకన్ కౌంటీలో, అంటే లింకన్ జిల్లాలో, రెండు వ్యాపార వర్గాల మధ్య పెద్ద గొడవ జరిగి ఉంది. సైన్యానికి మాంసం, ధాన్యం సరఫరా చేసే కాంట్రాక్టులన్నీ ఒక దుకాణం గుప్పిట్లో ఉండేవి. దానికి పోటీగా టన్‌స్టాల్ అనే ఇంగ్లీషు యువకుడు దుకాణం పెట్టాడు. 1878 ఫిబ్రవరిలో అతన్ని కాల్చి చంపారు. బిల్లీ అతని దగ్గర పనిచేసినవాడు. ఏప్రిల్ 1న లింకన్ వీధిలో షెరిఫ్ బ్రేడీని కాల్చి చంపిన గుంపులో బిల్లీ ఉన్నాడు. రెండు వైపులా చంపినవాళ్ళు ఎందరో ఉన్నా ఆ మొత్తం గొడవలో నేరం రుజువై శిక్ష పడింది బిల్లీ ఒక్కడికే. ఇది నాకు న్యాయంగా తోచదు.

పశువుల దొంగతనాలతో విసిగిపోయిన పెద్ద రైతులు గారెట్‌ని షెరిఫ్‌గా నిలబెట్టారు. 1880 నవంబరులో గెలిచాడు. డిసెంబరులో మంచు కురుస్తుండగా బిల్లీ ముఠా వెంట పడ్డాడు. 23వ తేదీ తెల్లవారుజామున స్టింకింగ్ స్ప్రింగ్స్ అనే చోట, కిటికీ కూడా లేని ఒక రాతి గుడిసెలో వాళ్ళున్నారని తెలిసింది. గారెట్ మనుషులు మంచులో దుప్పట్లు పరుచుకుని పడుకుని కాపు కాశారు. తెల్లారుతుండగా గుర్రాలకి మేత పెట్టడానికి ఒకడు బయటికొచ్చాడు. టోపీ చూసి బిల్లీ అనుకుని కాల్చారు. అతను చార్లీ బౌడ్రే. తూలుకుంటూ గారెట్ వైపే నడిచొచ్చి, గారెట్ దుప్పటి మీదే చనిపోయాడు.

లోపలున్నవాళ్ళు గుర్రాల్ని గుడిసెలోకి లాక్కుని పారిపోదామనుకున్నారు. గారెట్ ఒక గుర్రాన్ని సరిగ్గా గుమ్మంలో పడేలా కొట్టాడు. దారి మూసుకుపోయింది. ఆపైన ఎవరూ కాల్చలేదు. సాయంత్రానికి బయట నిప్పు రాజేసి మాంసం కాల్చడం మొదలుపెట్టారు. పొద్దుటి నుంచీ తిండి లేదు, చలి. ఆ వాసన లోపలికి వెళ్ళింది. నలుగురూ చేతులెత్తి బయటికొచ్చారు. వాళ్ళలో బిల్లీ విల్సన్ అని ఒకడు, దొంగనోట్లు మార్చిన కేసులో కావలసినవాడు. అతని దగ్గరున్న కోల్ట్ రివాల్వర్, వించెస్టర్ రైఫిల్ గారెట్ తీసుకున్నాడు. నేను చెబుతున్న తుపాకీ అదే.

ఆ విల్సన్ తరవాత తప్పించుకుని, వేరే పేరుతో టెక్సస్‌లో స్థిరపడి, కుటుంబం పెట్టుకుని మర్యాదగా బతికాడు. పదిహేనేళ్ళకు అతనికి క్షమాభిక్ష ఇప్పించడానికి పూనుకున్నవాళ్ళలో గారెట్ కూడా ఉన్నాడు. 1896లో అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ క్షమించాడు. పట్టుకున్నవాడే విడిపించాడు. పట్టుకున్న కొద్ది రోజులకే గారెట్ ఇలాంటి పనే ఒకటి చేశాడు. ఖైదీల్ని రైల్లో తీసుకెళుతుంటే లాస్ వేగస్ స్టేషన్‌లో, ఇది న్యూ మెక్సికోలో ఉన్న లాస్ వేగస్, జనం బండిని చుట్టుముట్టారు. ఖైదీల్లో ఒకణ్ణి తమకి అప్పగించమన్నారు. గారెట్ ఒప్పుకోలేదు. మీరు లోపలికొస్తే ఖైదీల చేతికి తుపాకులిచ్చి వాళ్ళతో కలిసి మీతో పోరాడతానన్నాడు. మాట ఇచ్చిన ఖైదీని మాట ప్రకారం కాపాడాడు. నేను గారెట్‌ని గౌరవించేది ఇందుకే.

1881 ఏప్రిల్‌లో బిల్లీకి ఉరిశిక్ష వేశారు. మే 13న తీయాలి. ఏప్రిల్ 28న గారెట్ ఊళ్ళో లేని సమయం చూసి, లింకన్ కోర్టు భవనంలో కాపలా ఉన్న ఇద్దరు డిప్యూటీల్ని చంపి బిల్లీ పారిపోయాడు. మా అమ్మాయి టెక్సస్‌లో ఉంటుంది. కిందటేడు వెళ్ళినప్పుడు అల్లుడు ఆ ఊరు తీసుకెళ్ళాడు. ఆ భవనం ఇంకా అలాగే ఉంది. మెట్ల దగ్గర గోడలో తూటా దిగిన గుంటని జాగ్రత్తగా కాపాడి చూపిస్తున్నారు. నేను వేలు చూపించి మనవరాలికి చెబుతుంటే, ‘ఆయనకి పిల్లలున్నారా తాతయ్యా?’ అని అడిగింది. చనిపోయిన డిప్యూటీ గురించి. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇక జులై 14 రాత్రి. బిల్లీ పారిపోయి మెక్సికో వెళ్ళకుండా ఫోర్ట్ సమ్నర్‌లోనే తచ్చాడుతున్నాడని కబురొచ్చింది. గారెట్ ఇద్దరు డిప్యూటీలతో వెళ్ళాడు. అర్ధరాత్రి కావస్తోంది. పీట్ మాక్స్‌వెల్ అనే ఊరి పెద్ద ఇంటికి వెళ్ళి, డిప్యూటీలిద్దర్నీ అరుగు దగ్గర ఉంచి, తాను ఒక్కడే చీకటి గదిలోకి వెళ్ళి మంచం తలవైపు కూర్చుని మాక్స్‌వెల్‌ని లేపాడు. బిల్లీ ఎక్కడున్నాడని అడుగుతున్నాడు. సరిగ్గా అప్పుడే బిల్లీ వచ్చాడు. ఆకలేసి, వేలాడదీసిన మాంసం కోసుకుందామని కత్తి పట్టుకుని వచ్చాడని చెబుతారు. కాళ్ళకి చెప్పుల్లేవు. అరుగు దగ్గర కొత్త మనుషుల్ని చూసి ‘కియెన్ ఎస్?’ అన్నాడు. ‘ఎవరది?’ అని. వెనక్కి అడుగులేస్తూ గదిలోకే వచ్చేశాడు. బయట పండు వెన్నెల, లోపల కటిక చీకటి. మంచం మీదికి వంగి మాక్స్‌వెల్‌ని అడగబోతూ, అక్కడ ఇంకో మనిషి ఉన్నాడని గమనించాడు. మళ్ళీ అదే ప్రశ్న. మాక్స్‌వెల్ ‘అతనే’ అని గొణిగాడు.

గారెట్ రెండుసార్లు కాల్చాడు. మొదటిది గుండెకి తగిలింది. రెండోది తప్పిపోయింది. ఆ కాలం తూటాల్లో ఉండేది నల్ల తుపాకీ మందు. పేలితే మెరుపు కళ్ళకి కొడుతుంది, తరవాత పొగ. చీకట్లో ఏమీ కనిపించదు. కాల్చినవాడే బయటికి పరుగెత్తాడు. పడింది బిల్లీయేనా కాదా అన్నది కొవ్వొత్తి పెట్టి చూశాకే తేలింది.

బిల్లీ చేతిలో తుపాకీ ఉందా లేదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఉందని గారెట్ చెప్పాడు. చీకట్లో కూర్చున్న మనిషికి, ఇద్దరు డిప్యూటీల్ని చంపి వచ్చినవాడు చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉన్నప్పుడు, చూసి నిర్ణయించుకునే వ్యవధి లేదు. నేను ఆయన్ని తప్పు పట్టను. కానీ ఆ ప్రాంతంలో చాలామంది పట్టారు. అందులోనూ స్పానిష్ మాట్లాడే పేదవాళ్ళకి బిల్లీ అంటే ఇష్టం. వాళ్ళ భాష మాట్లాడేవాడు, వాళ్ళతో ఆడేవాడు. చీకట్లో పొంచి ఉండి చంపాడన్న మాట గారెట్‌ని జీవితాంతం వదల్లేదు.

బిల్లీ తలకి ప్రకటించిన బహుమతి 500 డాలర్లు. అదీ వెంటనే రాలేదు. అప్పటి తాత్కాలిక గవర్నరు ఇవ్వలేనన్నాడు. 1882లో చట్టసభ ప్రత్యేకంగా చట్టం చేస్తేగానీ చేతికందలేదు. అదే ఏడాది గారెట్ పేరుతో బిల్లీ జీవిత కథ అచ్చయింది. రాసింది చాలావరకు ఆయన ఇంట్లోనే ఉంటున్న ఒక పాత పత్రికా రచయిత. పుస్తకం సరిగా అమ్ముడుపోలేదు. లింకన్ షెరిఫ్ పదవి కూడా అంతటితో ముగిసింది.

తరవాత ఇరవయ్యేళ్ళు ఆయన చేయని పని లేదు. నేను వాటన్నిటి జోలికీ వెళ్ళను. ఒక్కటి మాత్రం చెబుతాను. రాజ్‌వెల్ దగ్గర పెకోస్ నీళ్ళని కాలువల ద్వారా పొలాలకి మళ్ళించాలన్న పథకంలో ఆయన మొదట్నుంచీ ఉన్నాడు. కాలువ వస్తే నేల ఎలా మారిపోతుందో మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. గారెట్ దాన్ని ముందే ఊహించాడు. ఆ తరవాత పెద్ద పెట్టుబడిదారులు వచ్చారు, ఆయన్ని పక్కకి తోసేశారు. కాలువలు పారాయి, లాభం ఆయనకి రాలేదు.

1896లో ఫౌంటెన్ అనే ప్రముఖ లాయరు, ఎనిమిదేళ్ళ కొడుకుతో సహా వైట్ సాండ్స్ దారిలో మాయమయ్యాడు. ఆ కేసు కోసం గారెట్‌ని మళ్ళీ పిలిచారు, డోన్యా ఆనా కౌంటీకి షెరిఫ్‌ని చేశారు. 1899లో కేసు విచారణకొచ్చింది, ముద్దాయిలు విడుదలయ్యారు. తండ్రీకొడుకుల శవాలు ఇప్పటికీ దొరకలేదు.

1901లో మాత్రం అదృష్టం ఒకసారి తలుపు తట్టింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్‌కి ఇలాంటి మనుషులంటే మహా ఇష్టం. గారెట్‌ని ఎల్ పాసోలో కస్టమ్స్ కలెక్టర్‌గా వేశాడు. అక్కడ గారెట్‌కి ప్రాణ స్నేహితుడు టామ్ పవర్స్, కోనీ ఐలండ్ అనే సెలూన్ యజమాని. సెలూన్ అంటే మన క్షవరం చేసే షాపు కాదు, మందు కొట్టూ జూదశాలా కలిసినది. 1905లో శాన్ ఆంటోనియోలో రూజ్వెల్ట్ పాత సైనికుల సమావేశం జరిగితే గారెట్ పవర్స్‌ని వెంటబెట్టుకెళ్ళాడు. పశువుల వ్యాపారి అని పరిచయం చేసి, ముగ్గురూ కలిసి ఫొటో దిగారు. తరవాత అసలు సంగతి బయటపడింది. అధ్యక్షుడికి కోపం వచ్చింది. ఆ ఏడాది చివర్లో ఉద్యోగం పోయింది. స్నేహితుణ్ణి పెద్దవాళ్ళ పక్కన నిలబెట్టాలన్న ముచ్చట కోసం ఉన్న ఒక్క ఆధారమూ పోగొట్టుకున్నాడు.

ఆ పవర్స్‌ సెలూన్‌లోనే మన తుపాకీ కూడా ప్రదర్శనకి చేరింది. జనం తాగుతూ దాన్ని చూసేవాళ్ళు. ‘బిల్లీని చంపిన తుపాకీ’ అని.

గారెట్ లాస్ క్రూసెస్ దగ్గర కొండల్లో ఉన్న తన పశువుల క్షేత్రానికి తిరిగి వెళ్ళిపోయాడు. అప్పులు, పన్ను బకాయిలు. ఆస్తి వేలానికి వచ్చింది. కొడుకు పేర ఉన్న కౌలు ఒప్పందంలో వేన్ బ్రేజెల్ అనే కుర్రవాడు పశువులకి బదులు మేకల్ని తోలాడు. గారెట్‌కి అది పెద్ద టెన్షన్ అయింది. ఆ నేల కొంటామని వచ్చినవాళ్ళు మేకలుండగా కుదరదన్నారు. బ్రేజెల్ ముందు 1,200 మేకలున్నాయన్నాడు, తరవాత 1,800 అన్నాడు. 1908 ఫిబ్రవరి 29న, అది లీపు సంవత్సరం, గారెట్ గుర్రబ్బండిలో ఊళ్ళోకి బయలుదేరాడు. పక్కన కార్ల్ ఆడమ్సన్ అనే అతను. బ్రేజెల్ గుర్రం మీద పక్కనే వస్తున్నాడు. దారిలో మేకల మీద మళ్ళీ వాదన. బండి ఆపి, మూత్రానికి దిగి, గారెట్ అటు తిరిగి నిలబడ్డాడు. వెనక నుంచి తలలో తూటా దిగింది. 57 ఏళ్ళు.

బ్రేజెల్ లొంగిపోయాడు. ఆత్మరక్షణ కోసం కాల్చానన్నాడు. 1909లో విడుదలయ్యాడు. వీపు చూపించి నిలబడ్డ మనిషి నుంచి ఆత్మరక్షణ ఎలా అవుతుందో ఆ జ్యూరీయే చెప్పాలి. అసలు కాల్చింది ఇంకెవరో అని ఇప్పటికీ అంటారు.

ఆయన పొడుగుకి సరిపోయే శవపేటిక లాస్ క్రూసెస్‌లో దొరకలేదు. ఎల్ పాసో నుంచి తెప్పించారు. అంత్యక్రియల్లో మతాచారాల జోలికి పోకుండా, టామ్ పవర్స్ నిలబడి నివాళి చదివాడు. ఆ స్నేహం ఉద్యోగాన్ని తినేసినా, చివరిదాకా నిలబడింది.

ఆయన కూతుళ్ళలో ఎలిజబెత్ అని ఒకమ్మాయి. పసితనం నుంచే చూపు లేదు. సంగీతం నేర్చుకుంది, పాఠాలు చెప్పింది, కచేరీలు చేసింది. న్యూ మెక్సికో 1917లో రాష్ట్ర గీతంగా స్వీకరించిన పాట ఆమె రాసి బాణీ కట్టిందే. ఆ రాష్ట్రం అధికారికంగా పాడుకునే పాట షెరిఫ్ గారెట్ కూతురు ఇచ్చింది. బిల్లీ పేరు తెలిసినవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంత తక్కువో.

బిల్లీ సమాధిని ఫోర్ట్ సమ్నర్‌లో చూశాం. చుట్టూ ఇనప పంజరం. రాయిని రెండుసార్లు దొంగిలించారు కాబట్టి. లోపల యాత్రికులు విసిరిన నాణేలు మెరుస్తున్నాయి. లాస్ క్రూసెస్‌లో గారెట్ సమాధి దగ్గర మేము ఉన్నంతసేపూ ఇంకెవరూ రాలేదు.

ఇప్పుడు తుపాకీ. 1930ల తొలినాళ్ళలో పవర్స్ చనిపోయాడు. ఆయన ఆస్తి చూసుకునేవాళ్ళు తుపాకీ కూడా పవర్స్‌దే అన్నారు. అపొలినారియా అది ఇచ్చింది చూపించుకోవడానికే గానీ ఉంచుకోవడానికి కాదంది. భర్త పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఎనిమిదిమంది పిల్లల్ని పెంచిన మనిషి, స్పానిష్ ఇంట పుట్టిన మనిషి, ఇంగ్లీషులో నడిచే కోర్టుల్లో నిలబడింది. అరువిచ్చిన వస్తువు అరువిచ్చినదేనని చెప్పింది. ఆమెకి ఆ తుపాకీ చరిత్రా, కోట్లూ కావని నాకనిపిస్తుంది. ఫోర్ట్ సమ్నర్‌లో తనని చేసుకున్న పొడుగు మనిషి నడుముకున్న వస్తువు అది. కోర్టు ఆమె మాట నమ్మింది. తుపాకీ ఇంటికొచ్చింది.

తరవాత కొడుకుల చేతుల్లోకి వెళ్ళింది. 1983లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చెప్పే ఒక ప్రొఫెసరూ ఆయన భార్యా కొన్నారు. మన పిల్లలు ఎంతోమంది చదివే యూనివర్సిటీయే. ఆ ప్రొఫెసర్ పోయాకే 2021లో వేలానికి వచ్చింది.

అపొలినారియా 1936 అక్టోబరులో లాస్ క్రూసెస్‌లో కన్నుమూసింది. అప్పటికి తుపాకీ ఇంట్లోనే ఉంది.

నేను చెప్పదలుచుకున్నది అంతే. నమస్కారం.